లండను పొగ – దాని లెక్క



కొండమీద పొగను గాంచి అచట నిప్పు కలదని నిర్ణయించుట తర్కశాస్త్రమున తొలిపాఠము. ఆ నిప్పు ఎవరిదో తేల్చుటయే కష్టము. ఇంగ్లండు దేశమున లండను నగరవాసులకు దీనిని తేల్చుటకు 600 ఏండ్లకు పైగా పట్టినది.

సముద్రమార్గమున వచ్చెడి రాతిబొగ్గును కాల్చరాదని 1306 ప్రాంతమున మొదటి ఎడ్వర్డు రాజు శాసించెను. కట్టె ప్రియము, బొగ్గు చౌక, శాసనము నిలువలేదు. 1661లో జాన్ ఎవెలిన్ అను పండితుడు పొగను గూర్చి చిన్న గ్రంథము రచించి రెండవ ఛార్లెసు రాజునకు సమర్పించెను. వంటపొయ్యిల పొగ లెక్కకు రాదనియు, బీరు కాచువారు, అద్దకమువారు, సున్నము, ఉప్పు, సబ్బు బట్టీలవారే దోషులనియు అతని వాదము. తన ఇంటి పొగ ఎవరికిని కానరాదు గదా!

1952 డిసెంబరు 5వ తేదీన లండనుపై గాలి స్తంభించెను. పైన వెచ్చని గాలిపొర మూతవలె పరచుకొన్నది. క్రింద చలికి తాళలేక ప్రతి గృహస్థుడును పొయ్యిలో బొగ్గు మరింత వేసెను. 9వ తేదీ వరకు పొగమంచు విడువలేదు. పశుప్రదర్శనమునకు తెచ్చిన మేలుజాతి పశువులు కొన్ని ఊపిరాడక కూలినవి. మరణించిన మనుష్యులు 4,000 మంది యని నాటి ప్రభుత్వ గణన. 12,000 వరకు ఉందురని తరువాతి పరిశోధకుల మాట.

అప్పటికి గాని జమాఖర్చు సరిగా వ్రాయబడలేదు. సర్ హ్యూ బీవర్ అధ్యక్షతన ఏర్పడిన సంఘము 1954లో తుది నివేదిక నొసగెను. దేశమున కాలెడి బొగ్గులో ఐదవ వంతుకు లోపే ఇండ్లలో కాలుచున్నను, పొగలో దాదాపు సగము ఇండ్లదే యని తేలినది. పెద్ద బాయిలరులో వేడి తీవ్రమగుటచే బొగ్గు చాలవరకు పూర్తిగా దహించును. గదిలో చలికాచుకొను పొయ్యియందు వేడి చాలక, కాలని మసి సన్నరేణువులై లేచి, పొట్టి గొట్టములగుండా వీధిలోనికే దిగును. ఈ రేణువులలో మిక్కిలి సన్ననివి తలవెండ్రుక మందములో సుమారు 30వ వంతు. ఊపిరితిత్తుల లోతునకు చేరును. మన కట్టెపొయ్యి సంగతియు ఇదియే. పిడకల పొగలో కూర్చుండు గృహిణికి వేరు సాక్ష్యము అక్కరలేదు.

1956లో చేసిన చట్టము నిషేధముతో సరిపుచ్చలేదు. పొగ కూడదని నిర్ణయించిన ప్రాంతములలో పొయ్యి మార్చుటకగు ఖర్చున పదింట ఏడుపాళ్లు ప్రజాధనమునుండి ఇప్పించిరి. ఎడ్వర్డు శాసనమున లోపించినది ఇదియే. పిమ్మట ఉత్తరసముద్రపు గ్యాసు ఇంటింటికి వచ్చెను. 1970తో పోల్చిన, బ్రిటనులో సన్నరేణువుల విడుదల నాలుగింట మూడువంతులకు పైగా తగ్గినది.

అయినను ఖాతా మూయబడలేదు. కలవారి ఇండ్లలో వేడుకకై కట్టెల పొయ్యిలు మరల వెలసి, 2022 నాటికి ఆ సన్నరేణువులలో సుమారు ఐదవ వంతు వానివే యైనవి. మోటారుబండ్ల గొట్టపు పొగ తగ్గినను, టైర్లు, బ్రేకులు అరుగుటచే లేచు ధూళి అట్లు తగ్గలేదు. విద్యుత్తుతో నడచు బండియు దానిని విడుచుచునే యున్నది.