కనికరానికి పనితనం కావాలి

ఈ రోజు పట్టాలు అందుకుంటున్న విద్యార్థినీ విద్యార్థులారా, మీలో కొందరు రేపటినుంచి ఆసుపత్రి వార్డుల్లో అడుగుపెడతారు. మరికొందరు బడులకు, బ్యాంకులకు, నిర్మాణ స్థలాలకు, ప్రభుత్వ కార్యాలయాలకు వెళతారు. ఇది క్రైస్తవ కళాశాల. యేసుక్రీస్తు మీద విశ్వాసం ఉన్నవాళ్లు, లేనివాళ్లు ఇక్కడ ఒకే బల్ల మీద కూర్చుని చదువుకున్నారు. మీ అందరితో ఈ రోజు ఒక్క విషయమే మాట్లాడతాను. క్రైస్తవ విశ్వాసానికి అసలు పరీక్ష ఆదివారం ఆరాధనలో జరగదు, సోమవారం చేసే పనిలో జరుగుతుంది. కనికరం గుండెలో పుట్టినా, ఎదుటి మనిషిని చేరేది పనితనం ద్వారానే. శ్రద్ధ లేని చేతుల్లో ఎంత గొప్ప జాలి అయినా వృథా అవుతుంది.

ఇది నేను కొత్తగా కల్పించిన సిద్ధాంతం కాదు. యేసును ఆయన సొంత ఊరివాళ్లు వడ్లవాడిగానే ఎరుగుదురని మార్కు సువార్త చెబుతుంది. పౌలు కొరింథులో అకుల, ప్రిస్కిల్ల దంపతులతో కలిసి డేరాలు కుట్టి పొట్టపోసుకున్నాడని అపొస్తలుల కార్యములు చెబుతుంది. లూకా సువార్త పదో అధ్యాయంలోని మంచి సమరయుడి కథ మనలో చాలామందికి చిన్నప్పటినుంచి తెలుసు. అతని మంచి మనసును మెచ్చుకుని అక్కడే ఆగిపోతాం. ఆ కథలో పని ఎంత ఉందో ఒకసారి చూడండి. దారిలో పడి ఉన్న మనిషి గాయాల మీద నూనె, ద్రాక్షారసం పోసి కట్టు కట్టాడు. తన వాహనం మీద ఎక్కించుకున్నాడు. పూటకూళ్ల ఇంటికి చేర్చి దగ్గరుండి చూసుకున్నాడు. మర్నాడు రెండు దేనారాలు ఇచ్చి, ఇంకా ఖర్చయితే తిరిగి వచ్చేటప్పుడు తీరుస్తానని మాట ఇచ్చాడు. ఇందులో చికిత్స ఉంది, ప్రయాణం ఉంది, వసతి ఉంది, డబ్బు ఏర్పాటు ఉంది, మళ్లీ వచ్చి చూస్తానన్న పూచీ ఉంది. అంతకుముందు అదే దారిన వెళ్లిన యాజకుడికి, లేవీయుడికి జాలి కలగలేదని కథలో ఎక్కడా లేదు. వాళ్లు పక్కగా వెళ్లిపోయారని మాత్రమే ఉంది. వాళ్లకు జాలి కలిగిందో లేదో కథ చెప్పదు. ఏం చేశారన్నదే లెక్కలోకి వచ్చింది.

ఈ మాటకు మన కాలానికి దగ్గరలోనే గట్టి సాక్ష్యం ఉంది. చిత్తూరు, నెల్లూరు జిల్లాలవాళ్లు తరతరాలుగా వైద్యానికి వెళుతున్న వేలూరు క్రైస్తవ వైద్య కళాశాలకు 1946లో పాల్ బ్రాండ్ అనే శస్త్రవైద్యుడు వచ్చారు. కుష్ఠు వ్యాధి వల్ల వేళ్లు వాటంతట అవే కుళ్లి రాలిపోతాయని అప్పట్లో లోకమంతా నమ్మేది. ఆ రోగులను చూసి కంటతడి పెట్టినవాళ్లకు, దానం చేసినవాళ్లకు కొదవ లేదు. బ్రాండ్, ఆయన సహచరులు మాత్రం ప్రతి పుండు ఎలా వచ్చిందో వెతికారు. వ్యాధి నరాలను దెబ్బతీయడంతో స్పర్శ పోతుందని, వేడి గిన్నె పట్టుకున్నా మేకు గుచ్చుకున్నా తెలియక రోగి చేతులారా గాయం చేసుకుంటున్నాడని తేల్చారు. రాత్రికి రాత్రి మాయమైన వేళ్లను నిద్రలో ఎలుకలు కొరికాయని కూడా కాపలా కాసి కనిపెట్టారు. అక్కడినుంచి మార్గాలు తెరుచుకున్నాయి. వంకరపోయిన వేళ్లకు స్నాయువులు మార్చి కుట్టే శస్త్రచికిత్సలు వచ్చాయి. పాదాలకు ఒత్తిడి తగలని మెత్తని రబ్బరు చెప్పులు తయారయ్యాయి. ఎలుకల బెడదకు పిల్లులను పెంచారు. చేతులు బాగుపడ్డాక భిక్షం రావడం లేదని రోగులు మొరపెట్టుకుంటే, వాళ్లకు వడ్రంగం వంటి పనులు నేర్పే చోటు ఏర్పాటు చేశారు. ప్రేమకు ఇంత ఓపికైన పరిశీలన తోడు కాకపోతే ఆ రోగులకు ఓదార్పు దక్కేదేమో గానీ, చేతులు దక్కేవి కావు.

మన గుంటూరులో వైద్యురాలు అన్నా సారా కుగ్లర్ చరిత్ర కూడా ఇదే చెబుతుంది. ఆమె 1883లో వచ్చారు. స్త్రీలకు, పిల్లలకు ఆసుపత్రి తెరిచింది 1898లో. మధ్యలో పదిహేనేళ్లు ఆమె ఊరి స్త్రీల నమ్మకాన్ని ఒక్కొక్క ఇంటిలో, ఒక్కొక్క పురిటిలో సంపాదించారు. త్వరగా పేరు రావాలనుకునే ఈ కాలంలో ఆ పదిహేనేళ్లను మీరు తలుచుకోవాలి.

నా వాదానికి ఎదురయ్యే ప్రశ్నలున్నాయి. వాటిని దాటవేయడం మీ చదువుకు మర్యాద కాదు. మొదటిది: క్రైస్తవుల సేవ అంతా మతం మార్చడానికి పరిచిన దారే కదా అన్నది. ఈ ప్రశ్నను కోపం లేకుండా వినండి, ఎందుకంటే ఆకలితో ఉన్నవాడి ముందు అన్నం పెట్టి నమ్మకం అడగడం నిజంగానే అన్యాయం. జాన్ క్లౌ అనే అమెరికన్ బాప్టిస్టు మిషనరీ ఒంగోలులో ఉండగా 1876-78 నాటి ధాత కరువు వచ్చింది. కరువు పనిగా ప్రభుత్వం బకింగ్‌హాం కాలువ తవ్విస్తోంది. స్వదేశంలో సర్వేయరుగా పనిచేసిన క్లౌ అందులో సుమారు మూడున్నర మైళ్ల పనిని తానే కాంట్రాక్టుకు తీసుకుని, తన బోధకులనే మేస్త్రీలుగా నిలబెట్టి, వేలమందికి పని, కూలి దొరికేలా చూశారు. వాళ్లలో చాలామంది మాదిగలు. ఎర్రగుంట్ల పేరయ్య వంటివారు తోలు వ్యాపారం చేసుకుంటూనే ఊరూరా చాటిన సువార్త కరువుకు ముందే వాళ్ల పల్లెలకు చేరి ఉంది. బాప్తిస్మం ఇమ్మని ఎందరో అడిగారు. కరువు సాయం సాగినంత కాలం, ఏడాదికి పైగా, క్లౌ ఇవ్వలేదు. గంజి కోసం ఎవరూ క్రైస్తవులు కాకూడదన్నది ఆయన పట్టుదల. 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున, వెల్లంపల్లి దగ్గర ఒకే రోజు 2,222 మంది బాప్తిస్మం పొందారన్న సంగతి సంఘ చరిత్రలన్నీ రాశాయి. వాళ్లలో కృతజ్ఞత ఎంత, నమ్మకం ఎంత అని చరిత్రకారులు చర్చించుకోవచ్చు. మీరు మాత్రం ఆ అంకెకు ముందు గడిచిన నెలలను గుర్తుపెట్టుకోండి. రోగి మంచం పక్కన, మీ కింద పనిచేసే ఉద్యోగి ముందు, మార్కులు మీ చేతిలో ఉన్న విద్యార్థి ముందు మీకు అధికారం ఉంటుంది. అధికారం ఉన్నచోట విశ్వాసం గురించి ఎవరైనా అడిగితే నిజాయితీగా చెప్పండి. అడగనప్పుడు మీ పనిని మచ్చ లేకుండా చేయండి.

రెండో ప్రశ్న: ఇదంతా చేయడానికి క్రైస్తవుడే కావాలా? అక్కరలేదు. నిజామాబాద్ దగ్గర డిచ్‌పల్లిలో స్కాట్లండ్ నుంచి వచ్చిన వైద్యురాలు ఇసబెల్ కెర్ కుష్ఠు రోగుల ఆసుపత్రిని నిలబెట్టినప్పుడు, దానికి పెద్ద మనసుతో విరాళమిచ్చి ఆదుకున్నవారు నర్సా గౌడ్ అనే హిందూ దాత. యేసు చెప్పిన కథలో ఆదర్శంగా నిలిచిన సమరయుడు కూడా వినేవాళ్ల మతానికి బయటివాడే. మంచితనం మీద మనకు గుత్తహక్కు లేదని మన గ్రంథమే నేర్పుతోంది. మరి విశ్వాసం చేసేదేమిటి? అది మంచి చేయడాన్ని మన ఇష్టానికి వదలదు. మత్తయి సువార్త ఇరవై ఐదో అధ్యాయం ప్రకారం తీర్పు రోజున అడిగేవి ఆకలి, దాహం, బట్ట, రోగం, చెర గురించిన ప్రశ్నలు. అక్కరలో ఉన్నవారికి చేసింది తనకు చేసినట్టే అంటాడు ప్రభువు. అది నమ్మినవాడికి ఎవరూ చూడని చోట చేసే పని కూడా లెక్కలో ఉన్నట్టే. ఈ విశ్వాసం లేని మిత్రులు మీ కన్నా బాగా పనిచేస్తే ఈర్ష్యపడకండి, నేర్చుకోండి.

మూడో ప్రశ్న అన్నిటికన్నా బరువైనది. ఒక మనిషి దయగా ఉంటే వ్యవస్థలోని అన్యాయం పోతుందా? పోదు. దయ పేరు చెప్పి హక్కును ఎగవేసేవాళ్లూ ఉన్నారు. అందుకే పనితనంలో న్యాయం కూడా భాగమంటున్నాను. పొలం కోసినవారి కూలి బిగబట్టిన యజమానులను యాకోబు పత్రిక ఎంత తీవ్రంగా గద్దిస్తుందో ఐదో అధ్యాయంలో చదవండి. మనుషులను మురుగు గోతుల్లోకి రక్షణ లేకుండా దించడాన్ని మన దేశంలో 2013 నాటి చట్టం నిషేధించింది. అయినా దిగుతున్నారు, చనిపోతున్నారు. అలా దిగేవాళ్లది ఏ కులమో చెప్పనక్కరలేదు. మున్సిపాలిటీలో ఇంజినీరు అయిన క్రైస్తవుడు చనిపోయిన కార్మికుడి కుటుంబానికి బియ్యం మూట పంపితే సరిపోదు. యంత్రం వచ్చేదాకా మనిషిని దించనని ఫైలు మీద రాయాలి. ఇరవై ఎనిమిది రోజులకు చేయాల్సిన కాంక్రీటు దిమ్మ పరీక్ష చేయకుండానే రిజిస్టరులో అంకె వేయమంటే వేయకపోవడం కనికరమే, ఎందుకంటే ఆ కప్పు కింద ఎవరో నిద్రపోతారు. ఆఖరి బెంచీ పిల్లవాడికి చదవడం వచ్చిందో లేదో చూశాకే పాఠం ముందుకు నడపడం కనికరమే. నర్సుకు జీతం తక్కువిచ్చి దానికి పరిచర్య అని పేరు పెట్టే సంస్థ, అది క్రైస్తవ సంస్థే అయినా, తప్పు చేస్తోంది. దళితుడికి వేరే బల్ల వేసే సంఘం అంతకన్నా పెద్ద తప్పు చేస్తోంది. ఈ మాట బయటివాళ్లు అనేదాకా ఆగకుండా మీరే లోపలినుంచి అనాలి.

ఇంత మోయడం మనిషి తరమా అని మీరు అడగవచ్చు. పన్నెండు గంటల డ్యూటీ చేసి వచ్చిన నర్సుకు ఇంకా ప్రేమ చూపమనడం క్రూరంగానే వినిపిస్తుంది. విశ్రాంతి దినపు ఆజ్ఞను తిరిగి చదవండి. అది ఇంటి యజమానికి మాత్రమే ఇచ్చింది కాదు, దాసుడికి, దాసికి, పరదేశికి, పశువుకు కూడా వర్తిస్తుంది. కాబట్టి అలసట విశ్వాసలోపం కాదు. సెలవు తీసుకోండి, మీ కింద పనిచేసేవాళ్లకు సెలవు ఇవ్వండి. లోకాన్ని రక్షించే భారం మీ మీద లేదు, దానికి రక్షకుడు ఉన్నాడు. మీకు అప్పగించింది మీ ముందున్న మనిషి, మీ చేతిలోని పని.

ప్రియమైన పట్టభద్రులారా, ఈ కళాశాల మీకిచ్చిన పట్టా మీకు పని తెలుసని సాక్ష్యం చెబుతుంది. ఆ పని ఎవరికోసం చేస్తారన్నది ఇక మీ జీవితం చెప్పాలి. మీ వృత్తిని లోతుగా నేర్చుకుంటూ ఉండండి. తప్పుడు లెక్క మీద సంతకం పెట్టకండి. మీ దగ్గరికి వచ్చే మనిషిని పేరుతో, గౌరవంగా పిలవండి. కూలి సకాలంలో చెల్లించండి. బలహీనుల పక్షాన మాట్లాడవలసి వచ్చినప్పుడు వెనక్కి తగ్గకండి. మీ చేతిపనిని దేవుడు దీవించుగాక.