బ్రతికిన కాలేజి



మా చిన్ననాడు నెల్లూరు ప్రాంతమునుండి చెన్నపట్టణము పోయి వచ్చినవారు రెండు కాలేజీలను గూర్చి చెప్పుచుండెడివారు. ఎగ్మూరులోని వస్తు ప్రదర్శనశాల చచ్చిన కాలేజి. సెంట్రలు స్టేషను చెంతనున్న పీపుల్సు పార్కులోని జంతుశాల బ్రతికిన కాలేజి. రెంటికిని పుట్టిల్లు ఒక్కటియే. 1855లో ప్రదర్శనశాల అధికారియైన బాల్ఫరు దొర ఆ యావరణముననే సజీవ మృగములను జేర్చి జంతుశాలను నెలకొల్పెను. పిమ్మట నది పార్కునకు తరలినది. ఈ రెండవ కాలేజిలో నేను నేర్చిన చదువును మీకు విన్నవించెదను.

నా పదియవ యేట మా తండ్రిగారి వెంట అచ్చటికి పోయితిని. ఇనుపకమ్ముల వెనుక నొక ఎలుగుగొడ్డు అటు నాలుగడుగులు, ఇటు నాలుగడుగులు తిరుగుచుండెను. అది నిలిచినచో బాగుగా చూడవచ్చునని నేనొక గులకరాయి విసరితిని. అది దాని ముక్కునకు తగిలెను. చుట్టునున్నవారు నవ్విరి. నేనును నవ్వితిని. మా తండ్రిగారు మాత్రము నవ్వలేదు. నా చేయి పట్టుకొని వెలుపలికి తెచ్చి, ఇల్లు చేరువరకు నాతో పలుకలేదు. పిమ్మట నేను తిన్న బెత్తపుదెబ్బలన్నియు మరచితిని. ఆ మౌనమును మరువలేదు.

ఆ జంతుశాల ఇప్పుడు పార్కులో లేదు. 1985 జూలైలో పట్టణమునకు దక్షిణమున, వండలూరులో, క్రొత్త జంతుశాలను తెరచిరి. దాని వైశాల్యము సుమారు 600 హెక్టారులు. అనగా దాదాపు 1,500 ఎకరములు. మొన్నటి వేసవి సెలవులలో నా మనుమని వెంటబెట్టుకొని, పార్కు స్టేషనులో విద్యుద్రైలెక్కి, ఉదయమే అచ్చటికి చేరితిని.

నా కన్నులు ముందుగా ఇనుపకమ్ములను వెదకినవి. పెద్ద మృగముల ముందర అవి లేవు. వాని స్థానమున అగడ్తలున్నవి. పూర్వము రాజులు శత్రువులు చొరకుండ కోటల చుట్టు త్రవ్వించినట్టివే; కొన్ని పొడివి, కొన్ని నీటివి. ఆవలి యొడ్డున చెట్లు, పొదలు, నీడ. సింహపుచ్ఛ వానరములను చూచితిమి. ఇవి పడమటి కనుమల అడవులందు తప్ప లోకమున మరెక్కడను సహజముగా పుట్టవు. నల్లని మేను, ముఖము చుట్టు బూడిదవన్నె జూలు, తోక చివర సింహమునకువలె చిన్న కుచ్చు. ఒక తల్లి బిడ్డను పొట్ట నదుముకొని కొమ్మనుండి కొమ్మకు పోవుచుండెను.

పులియున్న చోట పులి కనబడలేదు. అరగంట నిలిచితిమి. ఎండ ముదిరినది. చప్పుడు చేసినచో లేచి వచ్చునేమో యని నాకు తోచి, చేతులు చరచబోతిని. మనుమడు నా చేయి పట్టుకొని, “తాతయ్యా, సద్దు చేయరాదని పలకమీద వ్రాసియున్నది” అనెను. అరువది యేండ్లు దాటినను నా చదువు పూర్తి కాలేదని సిగ్గుపడితిని. మరికొంతసేపటికి పొదనీడలో ఒక చెవి కదలినది. ఆ దినమున మాకు లభించిన పులి దర్శనము అంతియే.

అయ్యలారా, పంజరమున్న దినములలో మనము చూడదలచినపుడు మృగము కనబడి తీరవలెను. అగడ్త వచ్చిన పిదప దానికి దాగుకొను స్వేచ్ఛ దొరకినది, మనకు వేచియుండు పని పడినది. అట్లని అగడ్త అడవి కాదు. అదియును చెరయే. మన తప్పులు దానినికూడ దాటి పోవును. 2021 జూనులో వండలూరు సింహములకు కరోనా సోకి, రెండు మృతినొందినవి. చెర పెట్టినవారికి చెరలోనివారియెడల బాధ్యత హెచ్చు. జంతుశాలలో మృగములను రెచ్చగొట్టుట, వానికి తిండి వేయుట, సద్దుచే కలవరపెట్టుట కూడ వన్యప్రాణి సంరక్షణ చట్టము ప్రకారము నేరములు.

మీ మనుమలను జంతుశాలకు తప్పక తీసికొని పొండు. బయలుదేరుటకు ముందు వారి జేబులలో గులకరాళ్లున్నవేమో చూడుడు. పులి కనబడనిచో వారితోపాటు మీరును ఓపికతో నిలువుడు. తిరుగు రైలులో నా మనుమడు ఇంటికి చేరువరకు ఆ చెవి మాటయే చెప్పుచుండెను. నేను వానికి నా ఎలుగుగొడ్డు మాట చెప్పితిని. వాడును నవ్వలేదు.

సెలవు.