ఒక్క యేటి అనుమతి: పరదేశమున మన దంతవైద్యులు

(బౌద్ధనగరునందు దంతవైద్య విద్యార్థులును, వారి తలిదండ్రులును కూడిన సభలో గావించిన ఉపన్యాస పాఠము)



నేను వక్తను గాను. వైద్యుడను అంతకంటె గాను. ఈ పేటలో చిరకాలముగా కాపురముండి, సీతాఫల్‌మండి స్టేషను ప్రక్కనుండి ఆర్ట్సు కాలేజి మీదుగా తార్నాక వరకు ప్రతి యుదయమును నడచుచుండు ఒక గృహస్థుడను మాత్రమే. ఆ త్రోవలో చెట్లక్రింద కూర్చుండి చదువుకొను యువకుల మాటలు నా చెవిని బడుచుండును. ఒకప్పుడు వారు సర్కారు కొలువుల పరీక్షలను గూర్చి మాటలాడుకొనెడివారు. నేడు వినబడునది వీసా మాట. నానక్‌రాంగూడలోని అమెరికా కాన్సులేటునకు పోవుటకు ముందు చిలుకూరు బాలాజీకి పదునొకండు ప్రదక్షిణములు. వీసా చేతికి వచ్చిన పిదప నూటయెనిమిది. ఈ భక్తిని నేను పరిహసింపను. కాని వీసా వచ్చిన దినమునకు మ్రొక్కుకొనువారే గాని, చదువు ముగిసిన మరునాటిని గూర్చి యోచించువారు మనలో అరుదు. ఆ మరునాటిని గూర్చియే నాలుగు మాటలు విన్నవింప వచ్చితిని.

2023-24 విద్యాసంవత్సరమున అమెరికాలో నమోదైన భారతీయ విద్యార్థులు 3,31,602 మంది. ఆ యేట సకల దేశములలో మనదే ప్రథమస్థానము. వీరిలో ఇంజనీరింగు, కంప్యూటరు విద్యలవారే మిక్కుటము. కావున మన యిండ్లలో పరదేశోద్యోగమును గూర్చి తెలిసిన సంగతులన్నియు ఇంజనీర్లకు సంబంధించినవే. ప్రక్కింటివాని కొడుకునకు చదువు ముగిసిన పిమ్మట మూడేండ్లు పని చేసికొనుటకు అనుమతి దొరకినదని విని, మన దంతవైద్య విద్యార్థినికిని అట్లే దొరకునని తల్లియు తండ్రియు నమ్ముదురు. ఆ నమ్మకముపైననే ఇల్లు తాకట్టు పెట్టుదురు. చిక్కు ఇచ్చటనే మొదలగుచున్నది.

మనదేశమున దంతవైద్యమునకు నాలుగేండ్ల చదువు, ఒక యేడు ఇంటర్న్‌షిప్పు, వెరసి అయిదేండ్లు. సాధారణముగా ఆ పట్టాతో అమెరికాలో ఒక్క పన్నునైనను పెరుకుటకు వీలులేదు. ఐ.ఎన్.బి.డి.ఇ. అను జాతీయపరీక్షలో ఉత్తీర్ణులు కావలెను. కళాశాలవారు కృత్రిమ దంతములపై పెట్టు చేతిపని పరీక్షలో నెగ్గవలెను. అటుపై మరల రెండు మూడేండ్లు చదివి అక్కడి పట్టా పొందవలెను. ఈ చదువునకు రుసుములే లక్షన్నర డాలర్లు దాటుట అరుదు కాదు. మన నాణెములో అది కోటి రూపాయలకు పైమాట.

పట్టా పొందిన పరదేశ విద్యార్థికి అమెరికా ప్రభుత్వము ఆప్షనల్ ప్రాక్టికల్ ట్రెయినింగు అను పేర పండ్రెండు నెలలు పని చేయుటకు అనుమతి యిచ్చును. దీనినే మన పిల్లలు ఓ.పి.టి. అందురు. ఇంజనీరింగు మొదలగు కొన్ని శాస్త్రములవారికి మరి యిరువదినాలుగు నెలల పొడిగింపు కలదు. దంతవైద్య పట్టా ఆ జాబితాలో లేదు. ఇంజనీరునకు మూడేండ్లు, దంతవైద్యునకు ఒక్క యేడు. ఈ యొక్క భేదము నెరిగియుండినచో మనలో ఎన్నియో కుటుంబములు అప్పుపత్రముపై సంతకము చేయుటకు ముందు ఒక రాత్రి ఆగి యోచించియుండును.

ఆ యొక్క యేడైనను నిండుగా చేతికందునా యనిన, అదియు లేదు. అనుమతిపత్రముమీద వ్రాసిన తేదీ మొదలు కాలము నడచుచునే యుండును. ఆ యేటిలో ఉద్యోగము లేకుండ గడపిన దినములు మొత్తము తొంబది దాటరాదు. దాటినచో హోదా చెడును. మరియొక ప్రక్క, రాష్ట్రపు లైసెన్సు లేక దంతవైద్యుడు రోగి నోట అద్దము పెట్టరాదు. అక్కడ రాష్ట్రమునకొక బోర్డు, బోర్డునకొక పద్ధతి. పట్టా రావలెను, చికిత్సాపరీక్షల ఫలితములు చేరవలెను, వ్రేలిముద్రల విచారణ ముగియవలెను. న్యూయార్కు రాష్ట్రమైతే ఒక యేడు ఆసుపత్రి శిక్షణనే కోరును. బోర్డునకు మన తొంబది దినములతో నిమిత్తము లేదు; వలస శాఖకు బోర్డు జాప్యముతో నిమిత్తము లేదు. ఈ రెంటి నడుమ నలుగునది మన బిడ్డ.

ఇది నేను గ్రంథములు చదివి చెప్పుట లేదు. మా అన్నగారి కుమార్తె యిట్లు నలిగినది. ఆమె అనుమతి పొందియే ఆమె కథను చెప్పుచున్నాను. ఆమె చదువు మేనెల చివర ముగిసినది. పని మొదలుపెట్టు తేదీని చదువు ముగిసినది మొదలు అరువది దినములలోపల ఎప్పుడైనను ఎంచుకొనుటకు విద్యార్థికి స్వేచ్ఛ కలదు. అనుమతి మంజూరైన పిదప ఆ తేదీని మార్చుకొనలేరు. ఆమె నాకు ఫోను చేసి, "చిన్నాయనా, ఏ తేదీ వేయమందువు?" అని యడిగినది. నేను పెద్దరికమునకు పోయి, "ఆలస్యము అమృతము విషము, మొదటి తేదీయే వేయుము" అంటిని. జూను ఒకటవ తేదీ వేసినది. లైసెన్సు ఆగస్టు నడుమ గాని రాలేదు. తొంబదిలో డెబ్బదియైదు దినములు అద్దెగదిలో కిటికీ ప్రక్కన టపాకై ఎదురుచూచుటతోనే గడచిపోయినవి. జూలై చివరి తేదీ వేసియుండినచో ఆ డెబ్బదియైదు పదునేడో పదునెనిమిదో అయియుండెడివి. అనుమతియు మరుసటి జూలై వరకు నిలిచియుండెడిది. రెండు నెలల సంపాదనమును, దానికి మించి మనశ్శాంతిని, తెలియని సలహా చెప్పి నేను పోగొట్టితిని.

మిగిలిన పదునైదు దినములలో ఆమెకు ఒక తోటి విద్యార్థిని దారి చూపినది. తన విద్యకు సంబంధించిన పనిని ధర్మసంస్థయందు వారమునకు ఇరువది గంటలకు తగ్గకుండ, కార్మిక చట్టములకు విరుద్ధము కాకుండ, జీతము లేకయే చేసినను అది ఓ.పి.టి. కాలమున ఉద్యోగముగానే లెక్కకు వచ్చును. ఆమె ఒక ఉచిత చికిత్సాలయమున చేరి, ఆ సంగతిని పది దినములలోపల ప్రభుత్వమునకు నివేదించినది. దినముల లెక్క ఆగినది. ఈ నియమము ముందే తెలిసియుండినచో, చికిత్సతో పనిలేని దంతారోగ్య ప్రచారమువంటి సేవలో జూనులోనే చేరియుండెడిది.

ఇక జీతపుటుద్యోగము. చికిత్సాలయముల యజమానులు మొదట నామె చేతిపనిని గూర్చి అడుగలేదు, "నీ అనుమతి ఎంతకాలము?" అని యడిగిరి. దీనికి వారిని నిందింపను. క్రొత్త దంతవైద్యుడు చేరినంతనే యజమానికి రాబడి రాదు. అక్కడ రోగులలో పలువురకు సొమ్ము చెల్లించునది బీమా కంపెనీ. ఆ కంపెనీలు క్రొత్తవాని పేరును తమ పట్టికలో చేర్చుకొనుటకు వారములు, ఒక్కొకచో నెలలు పట్టును. పండ్రెండు నెలల వైద్యుడు పట్టికకెక్కుసరికి ఎనిమిది నెలల వైద్యుడగును. అట్టివానికి గది, కుర్చీ, సహాయకురాలిని సమకూర్చుటకు యజమాని వెనుదీయుట సహజము. అయిదుగురు కాదనిన పిదప, అక్టోబరులో, నగరములకు దూరమైన ఒక చిన్న పట్టణమున ఆమెకు పని దొరకినది.

ఇచ్చట ఒక మాట గమనింపుడు. అమెరికాలోను దంతవైద్యులు నగరములందే క్రిక్కిరిసియున్నారు. పల్లెలలో కొరత యున్నదని ఆ ప్రభుత్వమే ప్రాంతములను గుర్తించి ప్రకటించుచున్నది. మన పిల్లలు బంధువులున్న నగరములందే వెదకి కాలము పోగొట్టుకొందురు. దూరము పోవుటకు సిద్ధపడినవారికి పని త్వరగా దొరకును.

కాని భయముతో చేసిన బేరము మంచి బేరము కాదు. ఆమె సంతకము చేసిన ఒప్పందమున, రెండేండ్లలోపల పని మానినచో చేరునప్పుడిచ్చిన సొమ్మును తిరిగి చెల్లింపవలెనను షరతు కలదు. చట్టము మాన్పించిన యెడల ఏమగునో అందు లేదు. ఆమె అడుగలేదు, అడిగిన కొలువు పోవునేమో యని జంకినది. తుదకు ఆ సొమ్ము చెల్లింపక తప్పలేదు. కావున యువజనులారా! జీతము దినమునకింతయని నికరముగా నిత్తురా, చేసిన పనిలో భాగమా, లేక వసూలైన సొమ్ములో భాగమా. పొరపాటు చికిత్సకు బీమా ఎవరు కట్టుదురు. మానిన పిదప ఎన్ని మైళ్లలోపల పని చేయరాదు. హెచ్-1బి దరఖాస్తు పెట్టుదురా, ఎప్పుడు పెట్టుదురు: ఈ నాలుగింటిని వ్రాతమూలకముగా తెలిసికొనక సంతకము చేయకుడు.

ఆ హెచ్-1బి మాటయు చెప్పవలెను. ఏటేట 65,000, అమెరికాలో ఉన్నతపట్టా పొందినవారికి మరి 20,000, ఇంతే సంఖ్య. దరఖాస్తులు మించినందున మార్చిలో లాటరీ. ఇంజనీరు తన మూడేండ్లలో మూడు పర్యాయములు అదృష్టమును పరీక్షించుకొనవచ్చును. దంతవైద్యునకు సాధారణముగా ఒక్కటే పర్యాయము. మా పిల్ల పేరు రాలేదు. విశ్వవిద్యాలయములకును, వాటికి అనుబంధమైన ధర్మసంస్థలకును ఈ సంఖ్యానిబంధన లేదు; అట్టిచోట్ల జీతము కొంత తక్కువైనను ముందుగా ప్రయత్నింపదగును. 2025 సెప్టెంబరులో క్రొత్త హెచ్-1బి దరఖాస్తులపై లక్ష డాలర్ల రుసుము విధించుచు ఆ దేశాధ్యక్షుని ప్రకటన వెలువడినది. అక్కడనే యుండి హోదా మార్చుకొను విద్యార్థులకది వర్తింపదని మరుసటి నెలలో అధికారులు వివరించువరకు ఎన్ని యిండ్లలో నిద్ర లేదో మనమెరుగుదుము. విద్యార్థి బయలుదేరిననాటి చట్టము పట్టా పుచ్చుకొనునాటికి ఉండునని పూచీ లేదు.

ఇది నేటి కథ మాత్రమే కాదు. భీమవరమున 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు మద్రాసులో వైద్యము చదివి 1922లో బోస్టను చేరిరి. వైద్యవృత్తికి అక్కడి లైసెన్సు లేనందున ఆసుపత్రిలో రాత్రివేళ పరిచారకుని పని చేసి పొట్టపోసికొనిరి. మరుసటి యేటనే, 1923లో, భగత్ సింగ్ థిండ్ వ్యాజ్యమున అమెరికా సుప్రీముకోర్టు భారతీయులు పౌరసత్వమునకు అర్హులు కారని తీర్పు చెప్పినది. 1946లో గాని ఆ తలుపు కొంచెము తెరువబడలేదు. లోకమునకు మహౌషధములనిచ్చిన ఆ ఆంధ్రుడు 1948లో ఆ గడ్డమీదనే, పౌరుడు కాకయే, కన్నుమూసెను. పత్రము లేనంతమాత్రమున ఆయన విద్య తక్కువయ్యెనా? లాటరీలో పేరు రాని మన పిల్లల విద్యయు తక్కువ కాదు.

తిరిగివచ్చినవారిని తలచుకొందము. డాక్టరు రఫీయుద్దీన్ అహ్మద్‌గారు అమెరికాలోని అయోవాలో 1915లో దంతవైద్య పట్టా పొంది, బోస్టనులో బాలుర దంతచికిత్సాలయమున కొన్నేండ్లు పనిచేసి, స్వదేశమునకు మరలివచ్చిరి. 1920లో కలకత్తాలో మన దేశమునకు మొదటి దంతవైద్య కళాశాలను నెలకొల్పిరి. ఆయన తిరిగివచ్చుట ఓటమి యని ఎవరైనను అందురా?

మన యింటి కొరత చూడుడు. నల్లగొండ పల్లెలలో నీటిలోని ఫ్లోరైడు తరతరముల పండ్లను మరకలపాలు చేసినది. శ్రీకాకుళము, విశాఖ తీరగ్రామములలో అడ్డపొగ చుట్ట త్రాగు స్త్రీల అంగిళ్లలో పుట్టు వ్యాధిని మొదట కనిపెట్టవలసినవాడు దంతవైద్యుడే. అయినను దేశమున మున్నూటికి పైగా దంతవైద్య కళాశాలలుండియు, పట్టాదారులు నగర వీథులలో అరకొర జీతములకు కుదురుకొనుచున్నారు. పల్లెలో కుర్చీ లేదు. నల్లగొండకు పొమ్మనిన పోనివాడు అమెరికాలోని ఏదో మారుమూల పల్లెకు సంతోషముగా పోవుచున్నాడనిన, తప్పు వానిది మాత్రమే కాదు. అక్కడి పల్లెలో బ్రతుకుదెరువున్నది. ఇక్కడి పల్లెలో మనము దానిని కల్పింపలేదు. ప్రతి సర్కారు ఆసుపత్రియందును దంతవైద్యునకు తగిన కొలువు నడుగుట మన కర్తవ్యము. పోవువారిని తిట్టుట సులభము. ఉండుటకు చోటు చేయుట కష్టము.

పోవలదని నేననను. పోవువారు లెక్క చూచుకొని పొండు. తలిదండ్రులారా! ఒక్క యేటి అనుమతికి ఇరువది యేండ్ల అప్పు చేయుచున్నామా యని కాగితముమీద వ్రాసి చూడుడు. లాటరీ తప్పిననాడు ఆ వాయిదాలు రూపాయల జీతముతో తీర్పగలమా యని మీలో మీరు ప్రశ్నించుకొనుడు. తీర్పగలమనిన పంపుడు. లేదనిన, వేరు దారి వెదకుడు.

మా అన్నగారి కుమార్తె తిరిగివచ్చిన క్రొత్తలో ఆరు నెలలు సందులోనికి పగటిపూట రాలేదు. ఎదురుపడిన ప్రతివారును, "ఏమమ్మా, సెలవులకు వచ్చితివా? మరల ఎప్పుడు ప్రయాణము?" అని యడుగుటయే కారణము. ఆ ప్రశ్న మనమెల్లరము అడిగినదే. ఇకనైనను మానుదము. ఆమె ఉదయము ఒక చికిత్సాలయమునను, సాయంకాలము వేరొకచోటను పనిచేయుచు బ్యాంకు వాయిదా కట్టుచున్నది. అప్పు ఇంకను తీరలేదు.

ఆమె నేడు ఈ సభలో వెనుక వరుసను కూర్చున్నది. వచ్చు ఆదివారము మొదలు ప్రతి ఆదివారము ఉదయము మా యింటి అరుగుమీద కూర్చుండి, ప్రయాణమునకు సిద్ధమగుచున్న దంతవైద్యుల తేదీలను, అప్పుపత్రములను, ఉద్యోగపు ఒప్పందములను చదివి, తాను పడిన చిక్కులను చెప్పుటకు సమ్మతించినది. రుసుము లేదు. పిల్లలొక్కరే రావలదు, తలిదండ్రులును వెంట రండు. సలహా ఆమె చెప్పును. నేను కుర్చీలు వేయుదును.