డొంకను కాచేదెవరు?

ఎవరి పేరు మీద ఈ ఉపన్యాసం జరుగుతోందో ఆ పెద్దాయన ఉద్యోగమంతా సర్వే గొలుసు వెంటే నడిచింది. ఊరి తగాదా ఏది వచ్చినా ఆయన ముందు అడిగేది పట్టా పుస్తకం కాదు, పొలం కొలతల పటమైన ఎఫ్‌ఎంబీ నకలు. అందుకే ఇవాళ పట్టా పుస్తకంలో కనిపించని దారి గురించి మాట్లాడదామనుకున్నాను. గోదావరి వైపు పుంత, గుంటూరు వైపు డొంక, తెలంగాణలో బండ్లబాట. పొలానికీ చెరువుకీ వల్లకాటికీ మనల్ని చేర్చే దారి.

ఈ దారులు సర్కారు వేసినవి కావు. పశువులు, బండ్లు, మనుషులు తరతరాలుగా నడిచి నిలబెట్టినవి. కాగితం మీదికి ఎక్కింది మాత్రం శిస్తు వల్ల. 1800 నుంచి 1807 దాకా దత్తమండలాల్లో మన్రో రైతు రైతుకూ శిస్తు కట్టే పని నడిపించాడు. రైత్వారీ పాతుకున్నాక నేల రెండుగా చీలింది: శిస్తు పడేది, పడనిది. పడనిది పోరంబోకు. పందొమ్మిదో శతాబ్దం రెండో సగంలో శాస్త్రీయ సర్వే వచ్చి, ఒక్కో సర్వే నంబరుకూ విడిగా పటం గీసి, కొలతలు లింకుల్లో వేసింది. వంద లింకులు ఒక గొలుసు, 66 అడుగులు. నిజాం రాజ్యంలో ఆ పని టిప్పన్లూ గ్రామ నక్షాలూ చేశాయి. జమీందారీల్లో చాలాచోట్ల 1948 ఎస్టేట్ల రద్దు చట్టం తర్వాతగానీ ఈ కొలత పూర్తికాలేదు.

ఆ పటంలో ఒక తేడా ఉంది, జాగ్రత్తగా చూడండి. వెడల్పాటి డొంకకు సొంత సర్వే నంబరు ఉంటుంది; అది పోరంబోకని రికార్డులోనే రాసి ఉంటుంది. సన్నటి నడకదారి అలా కాదు. అది ఎవరిదో పట్టా భూమిలో ఒట్టి చుక్కల గీతగా ఉంటుంది, లేదా అదీ ఉండదు. మొదటిదాన్ని ఆక్రమిస్తే సర్కారు నేలను ఆక్రమించినట్టు. రెండోదాన్ని మూసేస్తే నడిచేవాడే హక్కు రుజువు చేసుకోవాలి. 1882 ఈజ్‌మెంట్ల చట్టం కింద 20 ఏళ్ళు అడ్డులేకుండా నడిచానని చూపాలి, లేదా వేరే దారే లేదని చూపాలి. కూలికి పోయే మనిషి సివిల్ కోర్టులో అది ఎప్పటికి చూపగలడు?

మొదటి రకానికి కాపుదల 1905 నాటి మద్రాసు భూ ఆక్రమణల చట్టం. ప్రజల రోడ్లు, సందులు, బాటలు ప్రభుత్వ ఆస్తి అని అది ప్రకటించింది. అయితే వాటి మీద జనం నడిచే హక్కుకు లోబడే ఆస్తి అని కూడా రాసింది. నా దృష్టిలో ఆ చట్టంలో అన్నిటికంటే విలువైన మాట ఇదే. కానీ అమలులో ఆక్రమించినవాడికిచ్చే బి మెమో, జరిమానా, శివాయి జమా పేరిట వసూలు మిగిలాయి. ఖజానాకు డబ్బు చేరింది, డొంక మాత్రం తిరిగి రాలేదు. ఆ రసీదులనే హక్కుపత్రాల్లా దాచుకున్నవాళ్ళున్నారు.

డొంక ఎలా పోతుందో మీలో చాలామంది కళ్ళారా చూసిందే. దుక్కిలో నాగలి గట్టును ఆనుకుని పోతుంది. మరుసటేడు గట్టు మీదుగా పోతుంది. ఏటా ఒక్క సాలు. గట్టు చెక్కిన మట్టి చేలోకి, హద్దురాయి కాలవలోకి. ఆపై కంప అడ్డం పడుతుంది. ఇరువైపులా ఇలాగే జరిగితే పదేళ్ళకు బండి పట్టే చోట మనిషి ఒరుసుకుంటూ పోతాడు. కోతకు మిషను రాక లోపలి రైతు పక్కవాడి దయ మీద బతుకుతాడు. గోదావరిపై 1852లో, కృష్ణపై 1855లో ఆనకట్టలు పూర్తయ్యాక తడి పెరిగి, సెంటు నేలకు కూడా ధర పలికింది. ఆ ధరే డొంకను తినేసింది.

అన్నిటికంటే బాధ కలిగించేది వల్లకాటి దారి. దళితవాడ శ్మశానం చాలా ఊళ్ళలో పొలాలకు ఆవల ఉంటుంది. దారి మాయమయ్యాక శవాన్ని మోసుకుని మోకాలి లోతు వరిమడిలో దిగి నడవాలి. చేను తొక్కారని తిట్లూ పడాలి. ఇది దారి సమస్య మాత్రమే అనుకునేవారితో నాకు రాజీ లేదు.

దారిని చట్టం ఎలా నిలబెట్టగలదో చూడాలంటే ఇంగ్లాండ్ సంగతి ఇక్కడ చెప్పుకోవాలి. 1932లో నడిచే హక్కు కోసం కిండర్ స్కౌట్ గుట్ట మీదికి పోయినప్పుడు జరిగిన ఘర్షణల కేసులో ఐదుగురు నడకగాళ్ళు జైలుకెళ్ళారు. 1949 చట్టం కాలిబాటలన్నిటినీ పటంలోకి ఎక్కించే బాధ్యతను స్థానిక ప్రభుత్వాల మీద పెట్టింది. అక్కడికెక్కిన బాటకు ఆ పటమే తిరుగులేని రుజువు. 1990 చట్టం మరింత లోతుకు దిగింది. చేను మధ్య బాటను రైతు దున్నుకోవచ్చు, కానీ పంట వేసేందుకు మొదటిసారి కదిపినప్పుడు 14 రోజుల్లో, ఆ పంటకే మళ్ళీ కదిపితే 24 గంటల్లో, బాటను నడవడానికి వీలుగా చదును చేసి, ఎటు పోతోందో కనబడేలా చెయ్యాలి. సేద్యమూ సాగింది, దారీ నిలిచింది. పట్టించుకునే అధికారి ఎవరో చట్టంలోనే ఉండబట్టి సాధ్యమైంది.

మనకు ఆ మనిషి నిలవలేదు. ఒకప్పుడు ఊరి లెక్కలు రాసిన కరణం ధర్మాత్ముడని నేననను. తనవాళ్ళ ఆక్రమణకు కళ్ళు మూసుకున్న కరణాలూ ఉన్నారు. అయినా జమాబందీలో లెక్క చెప్పవలసినవాడు ఒకడుండేవాడు. 1984లో ఆ వ్యవస్థ పోయింది. తెలంగాణలో 2020లో వీఆర్వోలూ పోయారు. 2011లో జగ్‌పాల్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు ఊరి ఉమ్మడి భూముల ఆక్రమణలను తొలగించేందుకు పథకాలు తయారు చెయ్యమని రాష్ట్రాలను ఆదేశించింది. కానీ ఆదేశం చేలోకి నడిచి రాదు కదా, దాన్ని పట్టుకుని గొలుసుతో దిగే మనిషి కావాలి.

2020 డిసెంబరులో తక్కెళ్ళపాడులో డ్రోన్లతో ఆంధ్రప్రదేశ్ రీసర్వే మొదలైంది. డ్రోను ఉన్నదాన్ని ఉన్నట్టు చూస్తుంది. చెక్కేసిన గట్టునే హద్దుగా కొలిస్తే నూరేళ్ళ ఆక్రమణ కొత్త పటంలో సక్రమమవుతుంది. కాబట్టి సర్వేయర్లకూ పంచాయతీ కార్యదర్శులకూ నా విన్నపం ఒకటే. కొత్త పటం మీద పాత ఎఫ్‌ఎంబీని పరిచి, తేడా వచ్చిన ప్రతి డొంకనూ గ్రామసభలో పేరుపెట్టి చదవండి. వల్లకాటి దారితో మొదలుపెట్టండి. కొలత కోసం దరఖాస్తు దళితవాడవాళ్ళు పెట్టేదాకా ఆగకుండా పంచాయతీ పేరు మీదే పెట్టండి.