బయానా ఇచ్చే ముందు

(సొసైటీ వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)





ప్రతి ఏడాది ఈ సభలో పిల్లల చదువుల గురించి, స్కాలర్‌షిప్పుల గురించి, పెళ్లిళ్లలో దుబారా గురించి మాట్లాడుకుంటాం. ఈసారి కొత్త ఇల్లు కొనడం గురించి మాట్లాడతామంటే కమిటీలోనే ఒకరిద్దరు "మనమేమన్నా రియల్ ఎస్టేట్ వాళ్లమా?" అని నవ్వారు. కాదు. కానీ ఇల్లు కొని చితికిపోయిన కుటుంబం చివరికి వచ్చేది మన సొసైటీ గడప దగ్గరికే. అందుకే ఈ మాటలు.

కోరుట్లకు చెందిన ఒక సోదరుడు 16 ఏళ్లు గల్ఫ్‌లో పనిచేశాడు. పేరు చెప్పము. 120 గజాల్లో కొత్తగా కట్టిన ఇల్లు కొన్నాడు. అమ్మినాయన తెలిసిన మనిషే. జుమా నమాజుకు ఒకే మస్జిద్‌కు వచ్చేవాడు. ఆ మొహమాటంతో కాగితాలు పూర్తిగా అడగలేదు. రెండో ఏడాది కోర్టు నోటీసు వచ్చింది. ఆ జాగా అమ్మినాయన తండ్రిది. తండ్రి చనిపోయాక కొడుకు ఒక్కడే ఇల్లు కట్టి, తన పేరుతోనే అమ్మేశాడు. చెల్లెలి సంతకం లేదు. కేసు వేసింది ఆ చెల్లెలే.

ఇద్దరినీ కూర్చోబెట్టి మేము విన్నాం. ఆ చెల్లెలి తప్పు ఏమీ లేదు. తండ్రి ఆస్తిలో ఆమె వాటా ఆమెకు షరియత్ ఇచ్చిన హక్కు. కొన్నవాడి తప్పు కూడా ఒక్కటే: అడగకపోవడం. చివరికి అమ్మినాయన కొంత, కొన్నవాడు కొంత వేసుకుని ఆమె వాటా చెల్లించారు. ఆమె రిలీజ్ డీడ్ రిజిస్టర్ చేసి ఇచ్చింది. కొన్నవాడి భార్య నగలు అందులో పోయాయి. ఇల్లు దక్కింది, అది మేలు. కానీ కొనేరోజు "మీకు అక్కాచెల్లెళ్లు ఎందరు?" అని ఒక్క ప్రశ్న అడిగి ఉంటే ఆ నగలు ఆమె దగ్గరే ఉండేవి, ఆ చెల్లెలికి కోర్టు మెట్లు ఎక్కే పని తప్పేది.

కాబట్టి ఈరోజు మేము చెప్పదలచుకున్నది ఒక్కటే. అడగడం అనుమానించడం కాదు. ఖుర్ఆన్‌లో అన్నింటికంటే పొడవైన ఆయత్ బఖరా సూరాలోని 282వది. అది అప్పు లావాదేవీని రాసుకోవడం గురించి, సాక్షులను పెట్టుకోవడం గురించి. మన దీన్ రాతకోతలకు అంత చోటు ఇచ్చిందంటే, కాగితం అడిగినందుకు సిగ్గుపడాల్సిన పని లేదు.

ముందు మనిషి, తర్వాత ఇల్లు

కొత్త ఇల్లు చూడగానే మన కళ్లు టైల్స్ మీదికి, వంటింటి గట్టు మీదికి పోతాయి. ముందు చూడవలసింది అమ్మే మనిషిని. ఆయనకు ఆ జాగా ఎలా వచ్చింది? కొన్నదైతే రిజిస్టర్ దస్తావేజు, దాని వెనకటి లింకు డాక్యుమెంట్లు చూడాలి. వారసత్వంగా వచ్చిందైతే వారసులందరి సంతకాలు కావాలి. మన చట్టంలో సంతానం ఉన్నప్పుడు భార్యకు ఎనిమిదో వంతు ఉంటుంది. కొడుకు వాటాలో సగం కూతురికి ఉంటుంది. కాబట్టి తల్లి, అక్కాచెల్లెళ్లు అందరూ దస్తావేజులో ఉండాలి, లేదా ముందే రిలీజ్ డీడ్ ఇచ్చి ఉండాలి. "మా చెల్లెలు ఏమీ అనదు" అనే మాట మీద లక్షలు పెట్టకండి. ఆమె నోటితోనే వినండి, ఆమె చేతి సంతకమే తీసుకోండి.

వారసుల్లో మైనర్ పిల్లలు ఉంటే ఇంకా జాగ్రత్త. ముస్లిం చట్టం ప్రకారం మైనర్ ఆస్తికి తల్లి సహజ సంరక్షకురాలు కాదు. తండ్రి, ఆయన తర్వాత తాత, లేదా వారు వీలునామాలో నియమించినవారు మాత్రమే. వాళ్లెవరూ లేకపోతే కోర్టు అనుమతి లేకుండా తల్లి చేసిన అమ్మకం నిలవదు.

గల్ఫ్ కుటుంబాలకు ఒక మాట. మీరు అక్కడ ఉండి ఇక్కడ తమ్ముడితోనో బావమరిదితోనో రిజిస్ట్రేషన్ చేయించాలంటే ఇచ్చే పవర్ ఆఫ్ అటార్నీని అక్కడి ఇండియన్ కాన్సులేట్‌లో అటెస్ట్ చేయించాలి. అది ఇండియాకు చేరిన 3 నెలల్లోపు ఇక్కడ స్టాంపు డ్యూటీ కట్టించాలి. అందులో అధికారం ఆ ఒక్క ఇంటికే పరిమితమని, సర్వే నంబరు, ఇంటి నంబరుతో సహా రాయించండి. ఇక కొత్త ఇల్లును జీపీఏ మీదనే అమ్ముతామని ఎవరైనా అంటే వద్దనండి. జీపీఏతో యాజమాన్యం మారదని సుప్రీంకోర్టు 2011 అక్టోబరు 11న స్పష్టంగా చెప్పింది. నోటరీ కాగితంతో, తెల్లకాగితంతో అసలే మారదు.

ఇల్లు కొత్తదే, భూమి పాతది

2016 అక్టోబరు 11న జగిత్యాల, రాజన్న సిరిసిల్ల కొత్త జిల్లాలయ్యాయి. కలెక్టరేట్లు వచ్చాయి, రోడ్లు పడ్డాయి, నిన్నటి పొలం ఇవాళ కాలనీ అయింది. అందుకే ఆ భూమి నిన్న ఏమిటో తెలుసుకోవాలి.

రిజిస్ట్రేషన్ శాఖ నుంచి ఈసీ తీయించండి. 1983 నుంచి ఇప్పటి వరకు అడగండి. ఎవరు ఎవరికి అమ్మారు, బ్యాంకులో తనఖా ఉందా అన్నది అందులో తెలుస్తుంది. అయితే ఈసీలో రిజిస్టరైన సంగతులే ఉంటాయి. నోటి మాటతో చేసిన హిబా గానీ, రిజిస్టర్ కాని బయానా గానీ, పంపకం కాని వాటా గానీ కనిపించవు. అందుకే చుట్టుపక్కల నాలుగిళ్లలో కూడా విచారించండి.

ఆ సర్వే నంబరు 22-ఏ నిషేధిత జాబితాలో ఉందో లేదో చూడండి. ప్రభుత్వ భూమి, అసైన్డ్ భూమి, దేవాదాయ భూమి, వక్ఫ్ భూమి ఆ జాబితాలోకి వస్తాయి. వక్ఫ్ గురించి మనకు వేరే చెప్పాలా? అల్లాహ్ పేరిట ఇచ్చేసిన భూమిని అమ్మే హక్కు ముతవల్లీకి కూడా లేదు. తెలిసి కొంటే డబ్బుతో పాటు ఆఖిరత్ కూడా పోతుంది.

శిఖం భూమి మరో గండం. ఎండాకాలంలో చెరువు అంచు చదునైన మైదానంలా కనిపిస్తుంది. 2021 సెప్టెంబరులో కురిసిన వానలకు సిరిసిల్లలో కాలనీల్లోకి నీళ్లు వచ్చిన సంగతి మనం కళ్లారా చూశాం. మగ్గం నడిపి భర్త, బీడీలు చుట్టి భార్య కూడబెట్టిన సొమ్ము ఒక్క రాత్రిలో నీళ్ల పాలవుతుంది. చెరువు, కాలువ, వాగు పక్కన ఇల్లు అయితే ఇరిగేషన్ వాళ్ల దగ్గర ఎఫ్‌టీఎల్ హద్దు అడగండి. వానాకాలంలో నీళ్లు ఎంత దాకా వస్తాయో ఆ వాడలోని ముసలివాళ్లను అడగండి.

జగిత్యాల పక్కన నూకపల్లిలో, సిరిసిల్ల పక్కన మండేపల్లిలో పేదలకు ఇచ్చిన డబుల్ బెడ్‌రూం ఇళ్లున్నాయి. అలాంటి ఇల్లు తక్కువకు వస్తుందని ఎవరైనా అంటే చెవిన పెట్టకండి. అవి అనుభవించడానికే, అమ్మడానికి కాదు. కొన్నవాడికి ఏ హక్కూ రాదు.

పర్మిషన్ కాగితం ఎంతవరకు నమ్మాలి?

"మునిసిపాలిటీ పర్మిషన్ ఉంది సాబ్" అనగానే మనం ఊరట చెందుతాం. 2020లో వచ్చిన టీఎస్-బీపాస్ చట్టం ప్రకారం 75 గజాల లోపు చిన్న ఇంటికి పర్మిషనే అక్కర్లేదు, ఒక్క రూపాయితో నమోదు చాలు. 500 చదరపు మీటర్ల లోపు, 10 మీటర్ల ఎత్తు లోపు ఇళ్లకు యజమాని ఇచ్చిన సొంత ధ్రువీకరణ మీదే వెంటనే అనుమతి వస్తుంది. అంటే ఆ కాగితం యజమాని చెప్పిన మాట మీద ఆధారపడింది. భూమి ఎవరిదో అది తేల్చదు. అందుకే మంజూరైన ప్లాన్ చేతిలో పట్టుకుని ఇంటి చుట్టూ తిరగండి. ప్లాన్‌లో రెండు అంతస్తులుండి ఎదుట మూడు కనిపిస్తే, వదలాల్సిన ఖాళీ జాగాలో మెట్లు కట్టి ఉంటే, రేపు నోటీసు వచ్చేది మీ పేరు మీద. ప్లాటు అనుమతి లేని లేఔట్‌లోదైతే ఎల్ఆర్ఎస్ అయిందా అని కూడా అడగండి.

అపార్టుమెంటు అయితే ఇంకో రెండు చూడాలి. నిబంధనలు తప్పకుండా ఉండేందుకు పెద్ద భవనాల్లో 10 శాతం భాగాన్ని మునిసిపాలిటీకి తనఖా పెడతారు. మీకు అమ్ముతున్న ఫ్లాటు ఆ భాగంలోది కాకూడదు. ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ వచ్చిందా అన్నది రెండోది.

రెరా గురించి చాలామంది విన్నారు. 2016 నాటి ఆ చట్టం మంచిది. రిజిస్టర్ ఒప్పందం లేకుండా 10 శాతం కంటే ఎక్కువ తీసుకోకూడదు. అప్పగించిన 5 ఏళ్లలో కట్టడంలో లోపం బయటపడితే బిల్డరే 30 రోజుల్లో ఉచితంగా బాగుచేయాలి. కానీ 500 చదరపు మీటర్లు, అంటే సుమారు 598 గజాలు దాటని స్థలానికి, లేదా 8 ఫ్లాట్లు మించని కట్టడానికి రెరా రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. మన ఊళ్లలో అమ్మకానికి వచ్చేవి ఎక్కువగా 100, 150, 200 గజాల ఇళ్లే. కాబట్టి రెరా కాపాడుతుందిలే అని కూర్చోకుండా, ఆ రక్షణను మన ఒప్పంద పత్రంలో మనమే రాయించుకోవాలి.

ఇంటిని చూసే తీరు

వీలైతే వాన పడిన మర్నాడు వెళ్లండి. కొత్త రంగు ఎండలో అన్నీ దాస్తుంది, వాన దేన్నీ దాచదు. స్లాబ్ మీద నీళ్లు నిలుస్తున్నాయా, బాత్రూం వెనక గోడకు చెమ్మ ఉందా, కిటికీ సజ్జల దగ్గర మరకలున్నాయా చూడండి. వానలు లేకపోతే స్లాబ్ మీద నీళ్లు నిలిపి ఒక రోజు ఉంచమనండి. మంచి కట్టడమైతే యజమాని కాదనడు.

మీకు తెలిసిన తాపీ మేస్త్రీని వెంట తీసుకెళ్లండి, ఆయన కూలి ఆయనకు ఇవ్వండి. వెంట్రుకవాసి పగుళ్లు ప్లాస్టరింగ్‌వి కావచ్చు. పిల్లర్లో, బీములో, గోడ మూల నుంచి ఏటవాలుగా పోయే పగులు మాత్రం తేలిగ్గా తీసుకోవద్దు. స్లాబ్‌కు ఎన్ని రోజులు నీళ్లు పట్టారని పక్కింటివాళ్లను అడగండి. కనీసం 7 రోజులు, మన ఎండలకు 10 రోజులకు తగ్గకూడదు. టైల్స్ మీద నాణెంతో కొడితే బోలు శబ్దం వచ్చే చోట కింద సిమెంటు సరిగా లేనట్టే.

బేస్‌మెంట్ రోడ్డు కంటే ఎంత ఎత్తుందో చూడండి. సీసీ రోడ్డు వేసిన ప్రతిసారీ రోడ్డు పెరుగుతుంది, ఇల్లు పెరగదు. మోరీ ఎటు పోతుంది, సెప్టిక్ ట్యాంకు ఎక్కడ, బోరుకు ఎంత దూరం, వేసవిలో బోరు పోస్తుందా, నల్లా కనెక్షన్ ఉందా, కరెంటు మీటరు ఎవరి పేరు మీద ఉంది అన్నీ అడగండి. సిరిసిల్లలో ఇంట్లో మగ్గం పెట్టే ఆలోచన ఉంటే త్రీఫేజ్ సంగతి కూడా ముందే తేల్చుకోండి. టేపుతో జాగా కొలవండి. దస్తావేజులోని గజాలు, నేల మీది గజాలు ఒకటి కావాలి.

ఈ చూపులకు ఇంట్లో ఆడవాళ్లను తప్పకుండా తీసుకెళ్లండి. రోజంతా ఆ ఇంట్లో ఉండేది వాళ్లు. నీళ్లు ఎక్కడ నిలుస్తాయో, గాలి ఎటు ఆడదో మనకంటే వాళ్లే ముందు పట్టేస్తారు.

డబ్బు, రాత

బయానా ఇచ్చే రోజు స్టాంపు పేపరు మీద ఒప్పందం రాసుకోండి. మొత్తం ధర, ఇచ్చినది, మిగిలినది, రిజిస్ట్రేషన్ గడువు, మిగిలిన పనుల జాబితా, కాగితాల్లో లోపం తేలితే బయానా ఎన్ని రోజుల్లో తిరిగి ఇస్తారు, లీకేజీ వస్తే ఎన్నేళ్ల వరకు బాగుచేస్తారు అన్నవి ఉండాలి. డబ్బు బ్యాంకు ద్వారానే ఇవ్వండి. ఇంటి అమ్మకానికి 20,000 రూపాయలు, ఆపైన నగదుగా తీసుకోకూడదని ఆదాయపు పన్ను చట్టమే చెబుతోంది. రిజిస్ట్రేషన్ ఖర్చు 7.5 శాతం. 30 లక్షల ఇంటికి 2 లక్షల 25 వేలు అవుతుంది. దాన్ని ముందే లెక్కలో వేసుకోండి. ఆ ఖర్చు తగ్గుతుందని దస్తావేజులో ధర తగ్గించి రాయిస్తే, రేపు గొడవ వస్తే మీ చేతిలో రుజువు ఆ తగ్గించిన అంకె వరకే ఉంటుంది. పైగా అది అబద్ధపు రాత.

అయినా మోసం జరిగితే ఇంట్లో కూర్చుని ఏడవకండి. జిల్లా వినియోగదారుల కమిషన్‌కు 2 ఏళ్లలోపు ఫిర్యాదు చేయవచ్చు. రాత ఉంటే అక్కడ బలం ఉంటుంది.

చివరిగా, అమ్మేవాళ్లకు కూడా ఒక మాట. ఈ సభలో ఇళ్లు కట్టి అమ్మే సోదరులు ఉన్నారు. కొనేవాడు అడిగే వరకు ఆగకండి. కాగితాలు మీరే ముందు పరచండి, లోపముంటే మీరే చెప్పండి. అక్కాచెల్లెళ్ల వాటా ఇచ్చాకే జాగా మీద చేయి వేయండి. అలా అమ్మిన ఇంట్లో బర్కత్ ఇద్దరికీ ఉంటుంది.

కొనబోయేవాళ్లు బయానా ఇవ్వక ముందు కాగితాలు పట్టుకుని మన సొసైటీ ఆఫీసుకు రండి. చదివిపెట్టే వకీలు సాబ్‌లు మన దగ్గర ఉన్నారు. బయానా ఇచ్చాక వస్తే మేము మీతో పాటు బాధపడగలం. ఇవ్వక ముందు వస్తే మీకు పనికొస్తాం.

కష్టార్జితంతో కొన్న ప్రతి ఇంటినీ అల్లాహ్ సుఖశాంతుల నిలయం చేయుగాక. ఆమీన్.