పరదేశంలో పచ్చబొట్టు

(మన సంఘం ఉగాది ఉత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



పంచాంగ శ్రవణం అయిన తరువాత, కవిగారి పద్యాలకు ముందు, ఈ పచ్చబొట్టు ప్రసంగం ఏమిటని కొందరు పెద్దలు నొసలు చిట్లించవచ్చును. కారణం మనవి చేస్తాను. నిరుడు మనం జరిపిన రక్తదాన శిబిరంలో కొందరు యువకులను వైద్యులు తిప్పి పంపివేశారు. పచ్చబొట్టు పొడిపించుకున్నవారు 12 నెలలు రక్తం ఇవ్వరాదని మన దేశపు నిబంధన. వారిలో పలువురు ఆ పని చేయించుకున్నది ఈ ఊరిలో కాదు. సెలవులకు పోయినప్పుడు బ్యాంకాకులోనో, బాలి ద్వీపంలోనో. ఎవరి చేత చేయించుకున్నావు నాయనా అంటే పేరు చెప్పగలిగినవాడు లేడు. ఇంట్లో చెప్పినవాడు అంతకన్నా లేడు. అందువల్లనే ఈ విషయాన్ని ఎంచుకున్నాను.

పచ్చబొట్టు మంచిదా చెడ్డదా అనే వాదం నాకు అక్కర లేదు. అది విదేశీ వ్యామోహమని కొట్టివేయడానికి మనకు హక్కు లేదు. మన నాయనమ్మల ముంజేతులు చూడండి. కన్నడ సోదరులు హచ్చె అన్నా, తమిళులు పచ్చకుత్తు అన్నా, మరాఠీలు గోందణ అన్నా వస్తువు ఒకటే. దీపపు మసిలో ఆకుపసరు కలిపి, సూదులను కట్టగా కట్టి, ఎరుకల స్త్రీలు అరుగు మీద కూర్చుని పొడిచేవారు.

అయితే ఆనాటికీ ఈనాటికీ ఒక భేదమున్నది. ఆ ఎరుకలామె మరుసటి ఏడు మళ్ళీ అదే వీధికి రావలసినదే. పొడిచిన చెయ్యి పుండై కూర్చుంటే ఊరంతా ఆమెను నిలదీస్తుంది. ఆమె సూది శుభ్రమైనది కాకపోవచ్చును గాని, ఆమె మాటకు ఊరు పూచీ ఉండేది. పరదేశంలో కథ తిరగబడినది. సూది శుభ్రంగా ఉండవచ్చును. పూచీ మాత్రం ఉండదు. గాయం మానకముందే మనం విమానం ఎక్కుతాము. మనం మళ్ళీ రామని పనివానికి తెలుసు. ఊరు చేసే ఆ విచారణను ప్రయాణికుడు తానే చేసుకోవలసి ఉన్నది. నేను చెప్పదలచినదంతా ఈ ఒక్క మాటే. బొమ్మ ఎంత అందంగా వేస్తాడన్నది రెండవ ప్రశ్న. అడిగినదల్లా చూపిస్తాడా అన్నది మొదటి ప్రశ్న.

అంగడికి మొదటిసారి పోయేటప్పుడు పొడిపించుకునే ఉద్దేశంతో పోకండి. చూడడానికి పోండి. రాత్రి బజారులో, నలుగురు స్నేహితుల ఉత్సాహంలో, తాగిన మైకంలో నిర్ణయం చేయరాదు. తాగివచ్చిన వానికి సూది వేయనని చెప్పే పనివాడే నమ్మదగినవాడు. పిన్నవయస్కులను తిప్పి పంపేవాడూ అంతే. ‘ఇప్పుడే కూర్చోండి, సగం ధర’ అనేవాని వద్ద నుండి లేచి రండి. అతని పాత పనులు చూపమనండి. అవి అప్పుడే చేసిన ఎర్రని బొమ్మలు మాత్రమే కాక, ఏడాది రెండేళ్ళ క్రిందట చేసి మానిన బొమ్మలై ఉండవలెను. కొత్త బొమ్మ అందరిదీ మెరుస్తుంది.

తరువాత కాగితం అడగండి. కొన్ని దేశాలలో ఈ వృత్తికి గట్టి కట్టుబాట్లున్నవి. వేల్సులో 2024 నవంబరు 29 నుండి పనివానికి లైసెన్సు, అంగడికి వేరే అనుమతి ఉండి తీరవలెను. ఇంగ్లండులో స్థానిక పురపాలక సంఘం వద్ద నమోదు కావలెను. అట్టి కాగితం గోడ మీద వేలాడుతుంటే సంతోషించి ఊరుకోక, దానిమీది పేరు ఆ మనిషిదేనా, చిరునామా ఆ అంగడిదేనా అని చదవండి. కట్టుబాట్లు సడలిన చోట కాగితం కన్నా కళ్ళే ముఖ్యం.

ఇక సూది సంగతి. కామెర్లు కలిగించే హెపటైటిస్ బి క్రిమి శరీరం వెలుపల కనీసం ఏడు రోజులు బ్రతికి ఉండగలదు. కంటికి కనిపించని రక్తపు చారలోనూ అది ఉండగలదు. కాబట్టి సూదిని గుడ్డతో తుడవడం, మద్యసారంలో ముంచడం చాలదు. సీలు వేసిన పొట్లాన్ని మీ ఎదుటనే విప్పి, కొత్త సూది తీయవలెను. పొట్లం మీద గడువు తేదీ చూడండి. మళ్ళీ వాడే పనిముట్లు ఉంటే ఆటోక్లేవులో శుద్ధి కావలెను. అది మన ప్రెషరు కుక్కరుకు పెద్దన్న వంటిది. ఒత్తిడిలో ఆవిరి 121 డిగ్రీల వేడికి చేరి, కనీసం పావుగంట నిలవవలెను. కొన్ని అంగళ్ళలో నీలిదీపం వెలిగే పెట్టెను చూపి ఇదే శుద్ధి అంటారు. అది శుద్ధి అయినవాటిని దాచుకోవడానికి పనికివస్తుంది గాని ఆటోక్లేవుకు బదులు కాదు. చేతితొడుగులు కొత్తవి తొడిగినాడా, వాటితోనే టెలిఫోను ముట్టుకుని మళ్ళీ మీ చెయ్యి పట్టుకున్నాడా అన్నది కూడా గమనించండి.

బ్యాంకాకుకు పడమట నఖోన్ పథోం ప్రాంతంలో వాట్ బాంగ్ ఫ్రా అనే బౌద్ధాలయం ఉన్నది. అక్కడి భిక్షువులు పొడవైన లోహపు కడ్డీతో మంత్రాక్షరాలు పొడుస్తారు. భక్తితో పోయేవారిని నేను వద్దనను. అయితే పవిత్రత వేరు, పరిశుభ్రత వేరు. ఎక్కడైనా సరే, నా ముందటి మనిషికి వాడిన కడ్డీనే నాకూ వాడుతారా అని వినయంగా అడగడంలో అపచారం లేదు. వాడుతామంటే నమస్కరించి వెనుకకు రావడంలోనూ అపచారం లేదు.

సూది శుభ్రమైనంత మాత్రాన చాలదు. సిరా కూడా చూడవలెను. 2011–12లో అమెరికాలోని రాచెస్టరు పట్టణంలో ఒకే పనివాని వద్ద పచ్చబొట్లు వేయించుకున్న పలువురికి చర్మం మీద మొండి పొక్కులు లేచినవి. సిరాలోనే, తయారైన చోటనే, క్షయ జాతికి చెందిన ఒక సూక్ష్మజీవి చేరినదని తేలినది. ఆ సిరాను పలుచన చేయడానికి వాడినది స్వేదనజలం. స్వేదనజలమంటే క్రిమిరహిత జలం కాదు. ఈ సంగతి మన పిల్లలకు తప్పక తెలియవలెను. కుళాయి నీరు కలిపేవాని మాట చెప్పనే అక్కరలేదు. ఐరోపా సమాజం 2022 జనవరి 4 నుండి పచ్చబొట్టు సిరాలలోని వేలకొద్దీ రసాయనాలకు హద్దులు విధించినది. సీసా మీద తయారీదారు పేరు, బ్యాచి సంఖ్య, గడువు ఉంటవి. ఆ చీటీని ఫోటో తీసుకోండి. రేపు ఏదైనా తేడా వస్తే మీ వైద్యుడు పట్టుకోగల కొస అదొక్కటే.

సూదికి భయపడి గోరింటాకుతో సరిపెట్టుకుందామనేవారికి ఒక హెచ్చరిక. గోరింటాకు ఎర్రగా పండుతుందని మన ఆడపడుచులకు ఎవరూ నేర్పనక్కరలేదు. సముద్రతీరాలలో నల్ల గోరింటాకు అని పూసేదానిలో తరచు జుట్టురంగులో వాడే రసాయనం ఉంటుంది. దానివల్ల బొబ్బలు లేచి, మచ్చలు మిగిలిన పసిపిల్లలున్నారు. గోరింటాకు నల్లగా ఉన్నదంటే అది గోరింటాకు కాదు.

మరొక చిన్న మాట, తెలుగువారికి మాత్రమే పనికివచ్చేది. అమ్మ పేరో, ఇష్టదైవం పేరో మన లిపిలో వేయించుకోవాలని పిల్లలకు ముచ్చట. ఆ పనివానికి మన అక్షరం బొమ్మతో సమానం. యంత్రంలో నుండి తీసిన అక్షరాలలో ఒత్తు ఊడి పక్కన పడుతుంది, తలకట్టు మాయమవుతుంది. నమ్మకమైనవాడు ముందు స్టెన్సిల్ అద్ది, మీరు సరే అన్నదాకా సూది ముట్టడు. అప్పుడు దానిని ఫోటో తీసి ఇంటికి పంపండి. తెలుగు బాగా వచ్చినవారి చేత చదివించండి. అచ్చుతప్పును మన ఉగాది సంచికలో సవరణ పట్టిక వేసి దిద్దుకుంటాము. చర్మానికి సవరణ పట్టిక లేదు.

వేళ కూడా ఎంచుకోవలెను. పచ్చబొట్టు గాయమే. పైచర్మం మానడానికి రెండు నుండి నాలుగు వారాలు పడుతుంది. అంతవరకు సముద్రస్నానం, ఈతకొలను కూడవు. మెక్సికో సింధుశాఖలో, పచ్చబొట్టు వేయించుకున్న అయిదవ రోజున ఈదిన ఒక వ్యక్తికి ఉప్పునీటి సూక్ష్మజీవి సోకి, చివరకు ప్రాణం పోయిన ఉదంతాన్ని వైద్యులు 2017లో ప్రకటించారు. ఆయనకు అంతకుముందే కాలేయపు జబ్బున్నది. అయినా పాఠం అందరిదీ. కాబట్టి స్నానాలన్నీ ముగిసిన తరువాత, తిరుగు ప్రయాణానికి రెండు మూడు రోజుల ముందు వేయించుకుంటే ఆ పనివానికే ఒకసారి చూపించి రావచ్చును. చూపమని అతడే అడిగితే మీ ఎంపిక మంచిదన్న మాట. హెపటైటిస్ బి టీకా మూడు మోతాదులకు మామూలుగా ఆరు నెలలు పడుతుంది. కనుక టిక్కెట్టు కొనకముందే దాని సంగతి చూసుకోండి. హెపటైటిస్ సి కి టీకా లేదు. దానికి శుభ్రమైన సూదే రక్ష.

తిరిగి వచ్చిన తరువాత ఎరుపు వ్యాపించినా, చీము పట్టినా, జ్వరం వచ్చినా, కొన్ని వారాలకు పొక్కులు లేచినా వైద్యుని వద్దకు పోండి. ఏ ఊరిలో, ఏ తేదీన వేయించుకున్నదీ దాచకుండా చెప్పండి.

ఇది పిల్లలకు చెప్పినది. పెద్దలకు ఒక విన్నపం. తిడతారని భయపడినవాడు మొదట దాచేది పచ్చబొట్టును. తరువాత దాచేది జ్వరాన్ని. ఆ రెండవది ప్రమాదం. ప్రయాణానికి ముందే, ‘వేయించుకుంటే ఇవి చూసుకో నాన్నా, ఇవి అడుగు తల్లీ’ అని ఒక మాట అనండి. అది అనుమతి ఇచ్చినట్లు కాదు, పూచీ పడినట్లు.

మన తాతలు భాష రాని ఈ ఊరికి వచ్చినప్పుడు ఏ అంగడిలో తూకం సరిగా ఉంటుంది, ఏ వైద్యుని చెయ్యి మంచిది అని తమకన్నా ముందు వచ్చిన తెలుగువారిని అడిగి తెలుసుకున్నారు. ఆ అవసరంలో నుండి పుట్టినవే ఇట్టి సంఘాలు. వారి మనుమలు ఈనాడు మరింత దూరపు ఊళ్ళకు పోతున్నారు. అడిగే అలవాటును కూడా వెంట తీసుకుపోవలెనని కోరుతూ, నూతన సంవత్సరంలో మీకందరికీ ఆయురారోగ్యాలు కలుగుగాక అని ఆకాంక్షిస్తూ సెలవు తీసుకుంటున్నాను.