వెలుగును కూడబెట్టిన ఫలకము



ఐజాక్ రాబర్ట్సు 1829లో వేల్సు దేశమున జన్మించెను. లివర్‌పూలులో కట్టడముల కంట్రాక్టు ఆయన వృత్తి. ఆకాశపరిశీలనము ఆయన మక్కువ. 20 అంగుళముల దర్పణముగల దూరదర్శినిని సమకూర్చుకొని, 1888 డిసెంబరు 29వ తేదీ రాత్రి దానిని ఆండ్రోమెడా నీహారికవైపు త్రిప్పెను.

వట్టి కంటికి అదొక మసకమచ్చ. కన్ను క్షణమునకు అందిన వెలుగునే చూచును; ఛాయాచిత్రఫలకము గంటలకొలది పడిన వెలుగును కూడబెట్టుకొనును. భూమి తిరుగుచుండును గనుక గడియారయంత్రము దూరదర్శినిని చుక్కలవెంట నడుపవలెను; తప్పినచో చుక్కలు గీతలగును. ఓపిక ఫలించెను. ఫలకమును కడుగగా, అంతవరకెవ్వరును స్పష్టముగ చూడని సుడి అందు కానవచ్చెను.

పుట్టుచున్న సౌరకుటుంబమే అదియని రాబర్ట్సు తలచెను. ఆయన 1904లో మరణించెను. 1923లో ఎడ్విన్ హబుల్ మరియొక ఫలకముపై ఆ నీహారికయందు వెలుగు హెచ్చుతగ్గులగు తారను గుర్తించి, అది పాలవెల్లికి వెలుపలి వేరొక నక్షత్రలోకమని తేల్చెను. దాని వెలుగు మనను చేరుటకు సుమారు 25 లక్షల సంవత్సరములు పట్టును.

రాబర్ట్సు ఊహ తప్పెను, ఫలకము తప్పలేదు. ఆయన తన చిత్రములను అచ్చువేయించి లోకమునకిచ్చెను. గ్రంథాలయము చేయు పనియు నిదియే: నేటివారికి తెలియని యర్థమును రేపటివారికై భద్రపరచుట.